బందరు కాగితం మీద చారలు

సరిగ్గా కడగని ఫోటో తియ్యగా ఉంటుంది. మూలను నాలుకకు ఆనిస్తే తెలుస్తుంది. బందరులో నేను పనికి చేరిన స్టూడియోలో నాకు నేర్పిన మొదటి పరీక్ష అదే. ఫోటోలో మిగిలిపోయిన వెండిని కరిగించడానికి హైపో అనే ఉప్పు కలిపిన నీళ్ళలో ముంచుతారు. ఆ ఉప్పు వదిలేదాకా కడగకపోతే కాగితంలో తీపి నిలిచిపోతుంది. నాలుగు వానాకాలాలు గడిచేసరికి ముఖాలు పసుపు తిరిగి మాసిపోతాయి. "తియ్యగా ఉన్నదాన్ని నమ్మబోకురా," అనేవారు యజమాని. ఆయన మా క్రైస్తవ సంఘంలో పెద్ద. ఆదివారం గుడిలో వరసల మధ్య నడిచేటప్పుడు కూడా మనుషుల వైపు అలాగే చూసేవారు, ఎవరిలో ఎంత తీపి మిగిలిందో అన్నట్టు.

నేను ఉపదేశి కొడుకుని. మిషన్ స్కూల్లో చదివి, అక్కడే రెండేళ్ళు పాఠాలు చెప్పాను. ఆదివారం బడిలో పిల్లలకు బైబిలు వాక్యం కంఠతా పట్టించేవాణ్ణి. అందుకే స్టూడియోలో కూడా నన్ను మాస్టారనే పిలిచేవారు. ఇంగ్లీషు వచ్చని యజమాని నన్ను తెచ్చుకున్నారు. ఫోటో తీసే గాజు ప్లేట్ల పెట్టెల్లో వచ్చే సూచనలు చదివి చెప్పాలి, వాటి ప్రకారం సరుకు పరీక్షించాలి.

ఆయన కుర్రతనంలో కాగితానికి కోడిగుడ్డు సొన పూసి, వెండి నీళ్ళ మీద తేల్చి, ఎండలో పెట్టి ఫోటో దించేవారట. అప్పుడు పరీక్ష అంటూ వేరే లేదు. పూసినవాడే వాడేవాడు, చెడితే తనను తనే తిట్టుకునేవాడు. తర్వాత ఫ్యాక్టరీల ప్లేట్లు, కాగితాలు ఓడల్లో రావడం మొదలైంది. పూసేవాడు ఒక దేశంలో, చెడిందని చూసేవాడు ఇంకో దేశంలో అయ్యారు. ఇద్దరికీ మధ్య మిగిలింది పెట్టె మీద వేసిన ఒక నంబరు. ఏ తొట్టిలో కలిపిన పూత మందో ఆ నంబరు చెబుతుంది. ఫ్యాక్టరీలో ప్రతి తొట్టి సరుకులో కొన్ని ముక్కలు కోసి చూసిగాని పంపేవారు కాదట. కాని వాళ్ళు చూసింది వాళ్ళ చలిలో. ఓడలో ప్రయాణం, ఆపైన బందరు ఉప్పుగాలి. అన్నీ తిన్నాక ఆ సరుకు ఏమైందో మేమే చూసుకోవాలి.

ప్రతి పెట్టెలోనూ మొదటి ప్లేటు బలి. దానికి వెలుతురు చూపించకుండానే బొమ్మ తేల్చే మందులో వేస్తాం. అద్దం తేటగా బయటికొస్తే మంచిది. బూడిదరంగు తేలితే పొగ పట్టిందనేవాళ్ళం. ఇక ఆ పెట్టె పెళ్ళిళ్ళకు పనికిరాదు. కాగితం కోసం నేనొక మెట్ల పట్టీ చేసుకున్నాను. గాలిపటాల కాగితం ఒక పొర, రెండు పొరలు, మూడు, అలా పన్నెండు దాకా అంటించి, దాని కింద కాగితం ముక్క పెట్టి దీపం చూపిస్తాను. ఎన్ని మెట్లు విడివిడిగా కనబడితే కాగితం అంత మంచిది. కడిగిన నీళ్ళకూ పరీక్ష ఉంది. ఊదారంగు పర్మాంగనేటు చుక్క వేస్తే, రంగు నిలిచిందంటే హైపో పోయినట్టు, విరిగిందంటే పోనట్టు. ఆ చుక్క వచ్చాక నాలుకతో పని లేదు. ఆయన మాత్రం నాలుక మానలేదు.

పరీక్షించడం నాకు భక్తితో సమానంగా ఉండేది. వెండిని కొలిమిలో పెట్టి మష్టు తీసే కంసాలితో దేవుణ్ణి పోల్చిన మాటలు చిన్నప్పటి నుంచీ విన్నవాణ్ణి. చీకటి గదిలో ఎర్ర దీపం కింద తెల్ల కాగితం మీద దాగిన మచ్చ పైకి తేలుతుంటే, తీర్పు రోజు ఇలాగే ఉంటుందనుకునేవాణ్ణి. మచ్చ దొరికిన రోజు నాకు సంతోషంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

యుద్ధం వచ్చి ఓడలు ఆగాయి. పాత సరుకంతా పొగ పట్టిపోయింది. యజమాని మనమే కాగితం చేద్దామన్నారు. కంసాలి దగ్గర మేలిమి వెండి తెచ్చి ఆమ్లంలో కరిగించాం. జిలటిన్ అనే మేలు రకం జిగురులో ఆ వెండి ఉప్పు కలిపి పాలలాంటి మందు తయారుచేశాం. అంతవరకూ పుస్తకం చూసి చేశాం. ఆ మందును కాగితం మీద ఒకే మందంలో పూయడం మాత్రం మా ఇద్దరి చేతా కాలేదు.

అది చేతనైన మనిషి మా సంఘంలోనే ఉంది. పెడన దగ్గర నేతపని వారింట పుట్టింది. చిన్నప్పటి నుంచీ మగ్గం నిలువు దారాలకు, పడుగుకు, గంజి పట్టించి కుంచెతో సాపు చేసిన చెయ్యి. దివిసీమలో ఇచ్చారు. భర్త పాము కరిచి పోయాక కూతురితో బందరు వచ్చి మా విశ్వాసంలో చేరింది. సంఘం ఆవరణలో ఒక గది ఇచ్చారు. కూతురికి మిషన్ హాస్టల్లో ఉచితంగా సీటిచ్చారు. ఎనిమిదో తరగతి చదువుతోంది, టీచరు ట్రైనింగుకు పంపాలని తల్లి ఆశ. గదైనా, సీటైనా, తల్లికి సంఘంలో మంచి పేరు ఉన్నంతవరకే.

నేను ఆవిడను అక్కా అనేవాణ్ణి. ఎర్ర దీపం కింద కాగితం పరిచి, గోరువెచ్చటి మందులో కుంచె ముంచి, తల నుంచి కిందికి ఒకే లాగు లాగేది. మధ్యలో ఆగేది కాదు.

"ఊపిరి బిగబట్టుకోండి మాస్టారూ. మీ గాలికి మందు మీద అల లేస్తంది."

"నేను గుమ్మం దగ్గరున్నానక్కా."

"అక్కణ్ణుంచే వస్తంది. నిన్న ప్రార్థనలో చూశాంగా మీ గాలి ఎంత పొడుగో."

ఒకరోజు ఆవిడ మరమరాలు కట్టిన వార్తాపత్రిక పొట్లంతో చీకటి గదిలోకి వచ్చింది. నేను అరిచాను. పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది: కొత్త అచ్చు కాగితాన్ని సరుకు దగ్గరికి రానివ్వకూడదు, అచ్చు సిరాలో ఆరే నూనె చీకట్లోనే మందును చెడగొడుతుంది. ఆ మాట ఆవిడకు తెలుగులో రెండుసార్లు చెప్పి అప్పజెప్పించుకున్నాను, ఆదివారం బడి పిల్లలకు చేసినట్టు. మరమరాలు బయట పారబోయించాను.

పూసిన ప్రతి కాగితం వెనకా తల దగ్గర ఆ రోజు నంబరు వేసేవాణ్ణి. రోజుకొక కాగితం తల దగ్గర మూల కోసి, నల్ల కాగితంలో చుట్టి వేడి తగిలే గూట్లో నెల రోజులు ఉంచేవాణ్ణి. తర్వాత మందులో వేసి చూసేవాణ్ణి. ఒక్కటి కూడా చెడలేదు. గుడివాడ, ఏలూరు స్టూడియోల వాళ్ళు బందరు కాగితమని అడిగి తీసుకునేవారు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. కట్టలో లోపలి పల్చటి చుట్టుకూ, పైన నల్ల కాగితానికీ మధ్య ఒక కరపత్రం పెడితే, కట్ట విప్పినవాడికి వాక్యం కనబడుతుంది. మిషన్ ప్రెస్సు నుంచి అచ్చయిన వెంటనే తెచ్చేవాణ్ణి. వాక్యం నేనే ఎంచాను. యజమాని నా భుజం తట్టారు. "ఫోటో దిగేవాడికంటే ముందు తీసేవాడికి సువార్త. బావుందిరా," అన్నారు.

కరపత్రం కూడా అచ్చు కాగితమేనని నాకు తట్టలేదు. అది నా కళ్ళకు కాగితంగా కనబడలేదు.

మూడు నెలలకు గుడివాడ స్టూడియో ఆయన రైలు దిగి నేరుగా వచ్చారు. చేతిలో ఒక పెళ్ళి ఫోటో. పెళ్ళికూతురి ముఖం మీదుగా, తెల్ల చీర మీదుగా అడ్డంగా బూడిదరంగు చారలు, ఒకదాని కింద ఒకటి.

"ఏంటండీ ఇది," అన్నారు యజమాని.

"మిమ్మల్నే అడుగుదామని వచ్చానండి. మీరు విభూతి పెట్టుకోరు కదా, మీ కాగితం మాత్రం పెడుతోంది. పెళ్ళికూతురి మావయ్య శైవుడు కాబట్టి నన్ను కొట్టకుండా వదిలాడు."

ఇంకో పదకొండు ఫోటోలు బల్ల మీద పరిచారు. అన్నింటి మీదా చారలే. ఆయన వెళ్ళాక యజమాని నా వైపు తిరిగారు.

"నువ్వు చూసి పంపిన సరుకేనా?"

"చూశానండి. నా ముక్కలన్నీ తేటగా ఉన్నాయి."

"నువ్వు ఏ మూల కోస్తావో ఆవిడకు తెలుసా?"

"తెలుసండి."

"అక్కడ జాగ్రత్తగా పూస్తుంది. మిగతాది గంజి పూసినట్టు పూస్తుంది. చెయ్యి సరిగా లేకపోతే చారలు రావా?"

"రావచ్చండి," అన్నాను. నా పరీక్షలో తప్పు ఉందనడం కంటే ఆవిడ చేతిలో ఉందనడం తేలిక.

శనివారం మధ్యాహ్నం సంఘం పెద్దలు ఐదుగురు మా చీకటి గదిలోకి వచ్చారు. అందరూ ఎర్ర దీపం కింద తలలు వంచి ప్రార్థన చేశారు. ఆవిడ కుంచె పట్టుకుని నిలబడింది.

"పూయమ్మా. రోజూ పూసినట్టే పూయి," అన్నారు యజమాని.

"ఇంతమంది గాలి తగిలితే మందు నిలవదయ్యా. గుమ్మం అవతల ఉండండి."

"దేవుడు కూడా ఇక్కడే ఉన్నాడు. ఆయన్నీ అవతల ఉండమంటావా?"

ఒకరిద్దరు నవ్వారు. ఇంకొకాయన, "మగ్గం దగ్గరైతే మామగారు చూసినా వణికేది కాదుగా," అన్నారు. ఆవిడ కుంచె ముంచింది. చెయ్యి వణికింది. సగంలో ఆగింది. నేను ఆవిడను పనిలో చూసిన అన్నాళ్ళలో ఆగడం అదొక్కసారే. మళ్ళీ లాగింది. నేను ఆ కాగితం తల దగ్గర, ఎప్పటిలాగే, నంబరు వేశాను.

మర్నాడు పొద్దున్నే దాన్ని దీపానికి చూపించి మందులో వేశాను. చారలు ఉన్నాయి. గుడికి తీసుకెళ్ళాను. ప్రసంగం అయ్యాక యజమాని, సంఘం పెద్దగా, నన్ను ముందుకు పిలిచారు. ఒక చేత్తో గుడివాడ ఫోటో, ఇంకో చేత్తో ఆవిడ పూసిన కాగితం పట్టుకుని నిలబడ్డాను. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, హాస్టల్ పిల్లలు ముందు వరసలో చాప మీద. ఆవిడ కూతురు వాళ్ళలోనే ఉంది.

అప్పుడే చూశాను. ఆవిడ కాగితం మీద చారలు నిలువు, కుంచె లాగిన దారి వెంట. గుడివాడ ఫోటోల మీద చారలు అడ్డం. ఆ ఫోటోల వెనక, తల దగ్గర నా నంబర్లు ఉన్నాయి, ఏది తలో నాకు తెలుసు. కుంచె లాగిన చెయ్యి అడ్డచారలు పెట్టలేదు.

నేను ఆవిడ కాగితాన్ని పక్కకు తిప్పి పట్టుకున్నాను.

రెండింటి మీదా చారలు ఒకే వరసలోకి వచ్చాయి. వెనక వరసల దాకా అందరికీ కనబడింది. ఎవరో "అయ్యో" అన్నారు. చెయ్యి తనంతట తనే తిప్పిందని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. చేతులు తమంతట తాము ఏమీ చేయవు.

"సోదరీ, అశ్రద్ధ చేశానని సంఘం ముందు ఒప్పుకుంటావా? ఒప్పుకుంటే క్షమించడానికి దేవుడు సిద్ధంగా ఉన్నాడు, మేమూ ఉన్నాం," అన్నారు యజమాని.

ఆవిడ లేచి నిలబడింది. కూతురి వైపు ఒకసారి చూసింది.

"చెయ్యని తప్పు ఒప్పుకోడం నా వల్ల కాదయ్యా. నిన్న వణికింది, నిజమే. అంతకుముందు వణకలేదు."

"ఇంతమంది చూస్తుంటే అబద్ధమా?"

"చూసింది మీరు. పూసింది నేను."

శిక్ష చారలకు పడలేదు. దేవుని సన్నిధిలో అబద్ధం ఆడినందుకు పడింది. ఆరు నెలలు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్లకు రాకూడదు. బల్లకు రాని మనిషికి ఆవరణలో గది లేదు. తల్లికి గది లేకపోతే కూతురికి సీటు లేదు. యజమాని గొంతు పెంచలేదు. తీర్పు చదివాక ఆవిడ కోసం ప్రార్థన చేయమని నన్నే అడిగారు. చేశాను. పొడుగ్గానే చేశాను.

సోమవారం ఆవిడ చాప, గిన్నెలు, కూతురి పుస్తకాలు ఒక మూటగా కట్టుకుని దివిసీమ బయలుదేరింది. స్టూడియో ముందు నుంచే వెళ్ళాలి. నేను లోపల ముక్కలు కోస్తున్నాను.

తర్వాత కుంచె నేనే పట్టుకున్నాను. నా పూత ఆవిడ పూతలా లేదు గాని వాడకానికి పనికొచ్చింది. కరపత్రాలు మామూలుగానే వేశాను. రెండు నెలలకు గుడివాడ ఆయన మళ్ళీ వచ్చారు.

"ఆవిణ్ణి పంపేశారన్నారు. మరి ఇప్పుడు ఎవరి చెయ్యి వణికిందండీ?"

కట్టలో సగం ఆయన వాడకుండా తిరిగి తెచ్చారు. నేను చీకటి గదిలోకి వెళ్ళి ఒక్కొక్కటీ వెలుతురు చూపకుండా మందులో వేశాను. అన్నింటి మీదా అడ్డచారలు తేలాయి. అట్టడుగు కాగితానికి లోపలి పల్చటి చుట్టు చిరిగిపోయి ఉంది, కరపత్రం దానికే ఆనింది. ఆ కాగితం మీద చారలు రాలేదు. అక్షరాలు వచ్చాయి. తిరగబడిన అక్షరాలు, ఒక వరస కింద ఒక వరస, అద్దంలో చూసినట్టు. చదవడానికి అద్దం అక్కర్లేకపోయింది. ఆ వాక్యం నేను ఎంచిందే, నాకు కంఠతా వచ్చు.

మిగతా కాగితాల మీద చారలంటే ఆ అక్షరాల వరసలే. సిరా ఆవిరి పల్చటి చుట్టు గుండా కాగితం నుంచి కాగితానికి దిగి, వరసలు అలుక్కుపోయాయి. నా ముక్కలెందుకు చెడలేదో కూడా అప్పుడే తెలిసింది. వాటిని నేను ఉత్త నల్ల కాగితంలో చుట్టాను. నేను పరీక్షించింది ఒక సరుకు, అమ్మింది ఇంకో సరుకు. మరమరాల పొట్లం గుర్తొచ్చింది.

ఆ కాగితం ఆరబెట్టి యజమాని ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. వెలుతురుకు ఎత్తి వెనక నుంచి కూడా చదివారు.

"కరపత్రాలు మానేద్దాం. ఎందుకు మానేశామో ఎవరికీ చెప్పక్కర్లేదు," అన్నారు.

"మరి అక్క సంగతండీ?"

"ఆవిణ్ణి బల్లకు రాకుండా ఆపింది చారలకా? అబద్ధానికి కదా."

"అది అబద్ధం కాదని తేలింది కదండీ."

"తేలింది నీకు. సంఘానికి తేలింది వేరు. వాక్యం వల్ల సరుకు చెడిందని గుడివాడ బజారులో చెప్పుకొస్తావా? అక్కడ నవ్వడానికి కాచుకుని కూర్చున్నారు." కాగితాన్ని మడిచి నా చేతికిచ్చారు. "ఆ రోజు గుళ్ళో కాగితం పట్టుకుంది ఎవరు?"

ఆయన గమనించారని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ వారమే దివిసీమ వెళ్ళాను. పడవలో పాయ దాటి, కోడూరు వైపు నడిచి, అడుగుతూ వెళ్ళాను. ఆవిడ ఎవరిదో పెద్ద రైతు ఇంటి వసారా అలుకుతోంది. పేడనీళ్ళ గుడ్డను గోడ దగ్గర నుంచి ఒకే లాగులో లాగుతోంది. ఎక్కడా గీత లేదు, మందం ఒకటే. నేను మెట్టు మీద కాలు పెట్టబోయాను.

"అడుగు పెట్టబోకండి మాస్టారూ, తడిగా ఉంది."

కింద మట్టిలోనే నిలబడి చెప్పాను. కరపత్రం, సిరా, అక్షరాలు, అన్నీ. కాగితం కూడా చూపించాను. చదవడం రాకపోయినా అవి తిరగబడ్డ అక్షరాలని ఆవిడ గుర్తుపట్టింది.

"అంటే నా చెయ్యి బానే ఉందన్నమాట."

"బానే ఉందక్కా."

"అది నాకు ముందే తెలుసుగా. ఇది చెప్పడానికి ఏరు దాటి వచ్చారా?" గుడ్డ పిండింది. "మరమరాలు పారబోయించారు, గుర్తుందా?"

"గుర్తుంది. పాప ఏది?"

"నాట్లకెళ్ళింది. చెయ్యి తిరుగుతోందిలే, తొందరగానే నేర్చుకుంది." కాసేపు అలికింది. "మీరు కాగితం తిప్పారు."

నేను కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

"పడుగు, పేక తెలిసినదాన్ని. నిలువేదో అడ్డమేదో నాకు తెలీదనుకున్నారా? అక్కడే అందామనుకున్నా. మాస్టారు తనే చెబుతాడులే అనుకున్నా." గోడ దాకా అలికి ఆగింది. "ఇక్కడ చెబితే ఎవరికి కావాలండీ? ఎక్కడ నిలబడి తిప్పారో అక్కడే నిలబడి చెప్పండి. పిల్లకి సీటు ఇస్తారో లేదో తర్వాత చూద్దాం. వెళ్ళండి, పడవ పోద్ది."

ఆ ఆదివారం కాగితాన్ని జేబులో పెట్టుకుని గుడికి వెళ్ళాను. సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను. హాస్టల్ పిల్లల చాప మీద ఒక చోటు ఖాళీగా ఉంది, పక్క పిల్లలు ఇంకా దాన్ని సర్దుకోలేదు. జేబులో చెయ్యి పెట్టాను. యజమాని ముందు వరస నుంచి నన్ను చూశారు, నా చేతిని చూశారు. నేను నోరు తెరిచేలోపు ఆయన లేచి, కళ్ళు మూసుకుని, పాట ఎత్తారు. స్తుతి పాట, అందరికీ నోటికి వచ్చినదే. సంఘమంతా అందుకుంది.

పాట అయిపోయాక చెప్పవచ్చు. నాకు తెలుసు. దేవుడు సత్యవంతుడని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. ఆయన తన మెట్ల పట్టీ కింద నన్ను పెట్టిన సమయం అది.

రెండో చరణం నుంచి నేనూ గొంతు కలిపాను. పాట అయిపోయింది. అందరితోపాటు కూర్చున్నాను.